నోరు సూర్యానిది, కట్టు అప్పారావుది

మా లైనులో ఎవరికి జబ్బు చేసినా ముందు ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళు, అక్కణ్ణుంచి నేరుగా సూర్యం ఇంటికి వెళ్ళేవాళ్ళు. ఆసుపత్రిలో మందిస్తారు. సూర్యం ఆ జబ్బు పేరును శుభ్రంగా పలికి ఇస్తాడు. రెండోది లేకపోతే మొదటిది పనిచెయ్యదన్నట్టు ఉండేది మావాళ్ళ వరస.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా లైనంటే సగానికి పైగా శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తాతల కాలంలో వచ్చిన కుటుంబాలే. సూర్యంవాళ్ళది మా ఎదురు క్వార్టరు. పాడైన వ్యాగన్లను పక్క పట్టాల మీదికి లాగి బాగుచేసే చోట అతను ఫిట్టరు. వాళ్ళ నాన్న బొబ్బిలి దగ్గరి పల్లె నుంచి గ్యాంగ్‌మన్‌గా వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. సూర్యం చదువు తొమ్మిదో క్లాసుతో ఆగింది. తెలుగు కూడబలుక్కుని చదివేవాడు, హిందీ గడగడా మాట్లాడేవాడు. ఇంగ్లీషు చదివితే అర్థమయ్యేది కాదు గానీ, పలకడం మాత్రం దొరలకు దీటుగా పలికేవాడు.

అది డిక్రూజ్ గారి పుణ్యం. డిక్రూజ్ ఆంగ్లో ఇండియన్, గార్డుగా రిటైరై కాలనీ పక్కనే ఇల్లు కట్టుకున్నాడు. రైల్వేలో ఏటా చలికాలంలో ప్రథమ చికిత్స పోటీలు జరిగేవి. మా డివిజన్ టీముకు శిక్షణ ఇచ్చేది ఆయనే. టీములో ఒకడు గాయపడ్డవాడిలా కింద పడుకోవాలి, ఇద్దరు కట్లు కట్టాలి, ఒకడు నిలబడి పరీక్షించే డాక్టర్ల ప్రశ్నలకు జవాబులు చెప్పాలి. జవాబులు ఇంగ్లీషులో చెబితే ఎక్కువ మార్కులు పడతాయని డిక్రూజ్ నమ్మకం. అందుకని మొదటి రోజే అందరినీ వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరి చేత రెస్పిరేషన్ అనిపించాడు. టీములోని అప్పారావు రెస్పరేసన్ అన్నాడు. డిక్రూజ్ చెవులు మూసుకున్నాడు. సూర్యం దగ్గరికి వచ్చేసరికి ఆ మాట గ్రామఫోను రికార్డులోంచి వచ్చినట్టు వచ్చింది.

"తుమ్‌హారా ముహ్, ఉస్‌కా హాథ్" అని డిక్రూజ్ తేల్చేశాడు. నోరు సూర్యానిది, కట్టు అప్పారావుది. ఆ తర్వాత సూర్యం చేతికి కట్టు గుడ్డ ఇచ్చినవాడు లేడు. డ్యూటీ అయ్యాక దొరికే కాస్త సాయంత్రంలో అప్పారావు కట్లు కట్టి విప్పి, విప్పి కట్టేవాడు. సూర్యం ఆ పక్కన వేపచెట్టు కింద నిలబడి పాఠం వల్లించేవాడు. మేమంతా హెమరేజ్ అనేవాళ్ళం, అతను హెమరిజ్ అనేవాడు. టూర్నికే అనేవాడు. అస్ఫిక్సియా అనేవాడు. వరసగా మూడేళ్ళు డివిజన్‌కి షీల్డు వచ్చింది. ఫోటోలో షీల్డు పట్టుకున్నది సూర్యమే, అప్పారావు వెనక వరసలో ఉన్నాడు.

దాంతో కాలనీలో అతను డాక్టరు సూర్యం అయిపోయాడు. మొదట్లో ఏడిపించడానికి అన్నారు, తర్వాత నిజంగానే అన్నారు. ఆసుపత్రిలో డాక్టరమ్మ హిందీ మధ్యలో ఏదో ఇంగ్లీషు మాట అంటే, మావాళ్ళు దాన్ని దారిలో పడేసుకుంటూ తెచ్చి సూర్యం ముందు పోసేవాళ్ళు. అతను ఆ ముక్కలు ఏరి, అతికించి, అసలు మాట ఇదీ అని పలికేవాడు. మా అత్తగారు స్పాండిలైటిస్ అనే మాట అలాగే తెచ్చుకున్నారు. ఆ రోజంతా వంటింట్లో అదే జపం. మెడనొప్పి అంటే సరిపోయేదానికి ఇంత తతంగం ఎందుకని నాకు ఒళ్ళు మండేది. కానీ ఆవిడకి నొప్పి తగ్గినట్టే అనిపించింది మరి.

అర్థం అడిగితే సూర్యం ఇంకో నాలుగు ఇంగ్లీషు మాటలు చెప్పేవాడు. "హెమరిజ్ అంటే ఏటి బావా?" అని అమ్మన్న అడిగితే, "ఎస్కేప్ ఆఫ్ బ్లడ్ ఫ్రం ద బ్లడ్ వెసల్స్" అన్నాడు. అమ్మన్న "అచ్ఛా!" అని గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. అడిగినవాడికి తెలియలేదు, చెప్పినవాడికీ తెలియదు, ఇద్దరికీ తృప్తి. తెలీదు అనే మాట మాత్రం సూర్యం నోట మేమెవ్వరం వినలేదు. అడిగినవాళ్ళ ముఖాలు అంత ఆశగా ఉంటే ఆ మాట ఎలా వస్తుంది, పాపం.

అమ్మన్న సూర్యంతో పాటే పనిచేసే ఫిట్టరు, రెండు క్వార్టర్ల అవతల ఉండేవాడు. చుట్టరికం లేదు గానీ బావా అంటే బావా అనుకునేవాళ్ళు. ఎండాకాలం వస్తే అమ్మన్న తీరిక వేళల్లో రేకుతో కూలర్ పెట్టెలు చేసి కాలనీవాళ్ళకు ఇచ్చేవాడు. బిలాస్‌పూర్ మే నెల ఎండ సంగతి చెప్పనక్కర్లేదు, ఇంటింటికీ కూలర్ కావాలి.

ఎనభై ఏడో సంవత్సరం మే నెల. సాయంత్రం నీళ్ళ వేళ. వీధి కుళాయి దగ్గర బిందెలతో ఆడవాళ్ళమంతా ఉన్నాం. అమ్మన్న తన ఇంటి ముందు కూర్చుని పెద్ద రేకును కాలితో తొక్కిపెట్టి వంచుతున్నాడు. రేకు కాలికింద నుంచి జారి ఎగిరింది. ఎడమ ముంజేతి లోపలి వైపు కోసుకుపోయింది. రక్తం చిమ్మి ఎదురుగా ఉన్న గోడ మీద పడింది.

అతని పెళ్ళాం చిన్నమ్మి బిందె పారేసి అరిచింది. "అన్నయ్యా! సూర్యం అన్నయ్యా! బేగి రా!"

సూర్యం లుంగీ, బనీనుతో పరుగెత్తుకొచ్చాడు. స్టేషనుకి బయల్దేరిన వేణుగోపాల్ అనే టికెట్ కలెక్టరు సైకిలు దిగి, ఆసుపత్రికి తీసుకుపోదాం, రిక్షా పిలుస్తాను అన్నాడు. "ఎందుకు? సూర్యం వచ్చీసినాడు కదా" అన్నారు అందరూ. వేణుగోపాల్ ఆగిపోయాడు. అతని స్థానంలో ఎవరున్నా ఆగిపోయేవాళ్ళే. డాక్టరు వచ్చాక రిక్షా ఎవడికి కావాలి?

సూర్యం మోకాళ్ళ మీద కూర్చుని గాయం చూశాడు. "నువ్వున్నావు కదా బావా, భయం నేదు" అన్నాడు అమ్మన్న. సూర్యం గొంతు సవరించుకున్నాడు.

"ఆర్టీరియల్ హెమరిజ్. బ్రైట్ రెడ్. కమ్స్ ఇన్ స్పర్ట్స్."

అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఆ గొంతులో వణుకు లేదు, ఒక్క అక్షరం తడబడలేదు. తర్వాతి వాక్యం కూడా అంతే చక్కగా వచ్చింది. బ్రాకియల్ ఆర్టరీ అన్నాడు, ఇన్నర్ సైడ్ అన్నాడు, ప్రెషర్ అన్నాడు. అన్నాక చెయ్యి చాపాడు. ఆ చెయ్యి అమ్మన్న మోచేతి మీద ఆగింది, అక్కణ్ణుంచి భుజం మీదికి వెళ్ళింది, మళ్ళీ కిందికి జారింది. ఎక్కడ నొక్కాలో చేతికి తెలియదు. వేపచెట్టు కింద వందసార్లు పలికిన ఆ పేరు మనిషి ఒంటిలో ఎక్కడుంటుందో అతనెప్పుడూ వెతకలేదు. ఆ చోటు తెలిసిన అప్పారావేమో ఆ వేళ డ్యూటీలో ఉన్నాడు.

చిన్నమ్మి తువ్వాలు అందించింది. సూర్యం చుట్టాడు, ముడి జారింది. మళ్ళీ చుట్టాడు. తువ్వాలు ఎర్రగా నానిపోయింది. ఇంకోసారి అదే వాక్యం మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు, ఈసారి గొంతు తగ్గించి. మేమంతా గుడ్లప్పగించి చూస్తున్నాం. ఇది వైద్యంలో భాగమే కాబోలు అనుకున్నాం. అమ్మన్న బావ ముఖంలోకే చూస్తున్నాడు.

సూర్యం భార్య కనకం జనాన్ని తోసుకుని వచ్చి అతని చెవి దగ్గర వంగింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినబడింది.

"ఏటి చేస్తన్నావు? సేతకాకపోతే నెగు!"

అతను లేవలేదు, పక్కకి ఒరిగాడంతే. చిన్నమ్మి తువ్వాలుని ఉండలా చుట్టి గాయం మీద పెట్టి రెండు చేతులతో అదిమింది, ఏడుస్తూనే. నానిన తువ్వాలు చూసి పరుగెత్తిన వేణుగోపాల్ అప్పటికి రిక్షా తెచ్చాడు. అందులో అమ్మన్న, చిన్నమ్మి. సూర్యం పక్కన పరుగెత్తాడు, చెప్పులు కూడా లేవు.

ఆసుపత్రిలో జరిగింది నాకు కనకం చాలా రోజుల తర్వాత చెప్పింది. తలుపు దగ్గరే సూర్యం డ్యూటీ డాక్టరుకి తన ఇంగ్లీషు వాక్యం అప్పజెప్పాడట. ఆ కుర్ర డాక్టరు సంతోషించి, తనూ ఇంగ్లీషులో గబగబా ఏదో అడిగాడట. సూర్యానికి ఒక్క ముక్క అర్థం కాలేదు. అప్పుడు డాక్టరు హిందీలోకి దిగి, ప్రథమ చికిత్స ఎవరు చేశారని అడిగాడు. "ఫస్ట్ ఎయిడ్ కిస్‌నే దియా?"

సూర్యం నేల చూశాడు. స్ట్రెచరు మీదున్న అమ్మన్న కళ్ళు తెరవకుండానే, "ఇన్హోనే దియా సాబ్" అన్నాడట. ఇతనే చేశాడు అని. డాక్టరు రెండు వేళ్ళతో ఆ తడిసిన తువ్వాలు పైకెత్తి చూశాడు, తర్వాత సూర్యాన్ని చూశాడు. ఆ చూపుకి తల కొట్టేసినట్టయిందని సూర్యం పెళ్ళాం దగ్గర పసివాడిలా ఏడ్చాడట.

అమ్మన్న బతికాడు. చాలా రక్తం పోవడంతో నెల రోజులకు పైగా మంచాన ఉన్నాడు. చిటికెన వేలూ, దాని పక్క వేలూ మళ్ళీ సరిగ్గా మడతపడలేదు. నరాలు రేకు తగిలిన క్షణమే తెగాయి, ఎవరు ఏం చేసినా ఆ వేళ్ళు దక్కేవి కావని పెద్ద డాక్టరు చిన్నమ్మితో స్పష్టంగా చెప్పాడు. సూర్యం కూడా విన్నాడు. విని ఏం లాభం? పోయిన రక్తం సంగతి ఎవరూ ఎత్తలేదు గానీ, అతనికి తెలుసు కదా.

తిట్టి ఉంటే పోయేది. పొగిడారు! ఆసుపత్రి నుంచి వచ్చిన అమ్మన్న, చూడవచ్చిన ప్రతివాళ్ళకీ ఒకటే చెప్పాడు. "బావ ఇంగిలీసులో గట్టిగా చెప్పబట్టి డాక్టరు కుర్చీలోంచి లెగిసి పరిగెట్టుకొచ్చినాడు. నేకపోతే లైన్లో కూచుంటే నా పని అయిపోను." ఈ మాట కాలనీ దాటింది, ఊరి అవతల తిఫ్రాలో ఉండే మా బంధువుల దాకా వెళ్ళింది. చూసిన మేం కూడా నమ్మేశాం. కళ్ళతో చూసినదాని కంటే చెవిన పడ్డది మావాళ్ళకు ఎప్పుడూ రుచి.

సూర్యం ఊరుకోలేదు. ఒకసారి టీ బడ్డీ దగ్గర అందరి ముందూ, "నాను ఏటీ చెయ్యనేదర్రా, నాకు కట్టు కట్టడం రాదు" అన్నాడు. వాళ్ళు మెచ్చుకోలుగా తలలూపారు. "అదీ పెద్దమనిసి తరహా అంటే. ఇంకోడయితే గొప్పలు చెప్పుకుందుడు" అన్నారు. నిజం చెబితే అది వినయం కింద జమ అయిపోయింది. ఆ తర్వాత అతను టీకి వెళ్ళడం మానేశాడు. జబ్బుల పేర్లు పట్టుకొచ్చేవాళ్ళు రెట్టింపయ్యారు. వాళ్ళు గేటు తీసిన చప్పుడు వినగానే వెనక తలుపు గుండా వెళ్ళిపోయేవాడు. కనకం ఎన్ని అబద్ధాలాడిందో.

వినాయక చవితి పందిట్లో తెలుగువాళ్ళంతా కలిసి సూర్యానికి సన్మానం పెట్టారు. వద్దని కాళ్ళావేళ్ళా పడ్డాడు, వినలేదు. మా సంఘం కార్యదర్శి సీతారామయ్య గారు బ్యాంకులో ఆఫీసరు, మైకు దొరికితే వదిలే మనిషి కాదు. సూర్యాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, శాలువా కప్పడానికి అమ్మన్ననే పిలిచారు. అమ్మన్న రెండు చేతులా శాలువా పట్టుకుంటే, వంగని వేళ్ళ వైపు అది జారిపోయింది. సూర్యం గబుక్కున లేచి అందుకున్నాడు. అలా తన శాలువా తనే కప్పుకున్నట్టయింది. చప్పట్లు మోగాయి.

సీతారామయ్య గారు ఊరుకోవచ్చు కదా. మైకు సూర్యం నోటి దగ్గర పెట్టి, "మన పిల్లలు వింటారు సూర్యం గారూ, ఆ రోజు మీరు డాక్టరుతో అన్న మాట ఒక్కసారి అనండి. ఉచ్చారణ అంటే ఎలా ఉండాలో వీళ్ళకి తెలియాలి" అన్నారు.

సూర్యం నోరు తెరిచాడు. గాలి మాత్రం మైకులో వినబడింది. మూశాడు. మళ్ళీ తెరిచాడు. నుదురంతా చెమట. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కార్యదర్శి గారు అది ఆనందబాష్పాలని ప్రకటించారు. మళ్ళీ చప్పట్లు. నా పక్కన కూర్చున్న కనకం కొంగు నోట్లో కుక్కుకుని లేచి వెళ్ళిపోయింది. ఆమె సిగ్గుతో వెళ్ళిపోయిందని నాకు ఒక్కదానికే తెలుసు.

దసరా వెళ్ళాక డిక్రూజ్ మళ్ళీ టీమును పిలిచాడు. సూర్యం వెళ్ళి, ఈసారి నేను కట్టు కడతాను, జవాబులు అప్పారావు చెబుతాడు అన్నాడు. డిక్రూజ్‌కి మతిపోయింది. షీల్డు తెచ్చింది నీ నోరేరా, అప్పారావు నోరు తెరిస్తే రైల్వే పెద్దాఫీసున్న కలకత్తా దాకా పరువు పోతుందని గంతులేశాడు. సూర్యం కదల్లేదు. ముసలాయన విసిగి, "అయితే ముందు కట్టడం నేర్చుకునిరా" అని ఒక గుడ్డ అతని మీదికి విసిరాడు.

నేర్చుకోవడానికి సూర్యం ఎవరి దగ్గరికి వెళ్ళాలి? అప్పారావు దగ్గరికి వెళ్ళి ఉండవచ్చు. కానీ అతను ఆ ఆదివారం మధ్యాహ్నం అమ్మన్న ఇంటికి వచ్చాడు. అప్పుడు నేను వాళ్ళ వరండాలో చిన్నమ్మితో కూర్చుని బియ్యం ఏరుతున్నాను. అమ్మన్న నులకమంచం మీద రేడియో వింటున్నాడు.

సూర్యం వచ్చి కింద కూర్చున్నాడు. చేతిలో ఆ గుడ్డ ఉంది.

"ఒరే అమ్మన్నా, నీ సెయ్యి ఒకసారి ఇయ్యి" అన్నాడు.

"ఎందుకు బావా?"

"నేర్చుకుందామని. నాకు రాదురా. ఆ వేళ కూడా రాదు. మాటలొచ్చు, అంతే. నాను రానేకపోతే నిన్ను అప్పుడే తీసుకుపోదురు. నన్ను సూసి అందరూ ఆగిపోనారు. నా మూలంగా నీ రగతం..."

చిన్నమ్మి చేట పక్కన పెట్టింది. నేను తల ఎత్తలేదు. అమ్మన్న రేడియో కట్టేశాడు.

"నాకు తెల్దేటి బావా?" అన్నాడు. "నా సెయ్యి కన్నా నీ సెయ్యే ఎక్కువ వణికింది. పట్టుకున్నది నన్నే కదా, నాకు తెల్దా?"

సూర్యం తల పైకెత్తాడు. "మరి ఊరంతా అలాగ చెప్పినావేటి?"

"అందరూ నీ ముఖమే సూస్తన్నారు. నువ్వు సూస్తే తప్పిపోయిన పిల్లడిలాగ ఉన్నావు. నాను ఎలాగా బతికినాను. ఆ ముఖం పెట్టుకుని నువ్వు ఈ లైన్లో ఎలాగ తిరుగుతావు? ఏటో ఒకటి చెప్పాల కదా."

నాకు మాత్రం, ఇంత మంచితనం మనిషి మీద పడెయ్యకూడదు అనిపించింది. సూర్యం ఏడుపు ఆపుకోవడానికి చాలా అవస్థ పడ్డాడు. "నువ్వు నన్ను నాలుగు తిట్టినా బాగుండునురా" అన్నాడు. "నాను ఆ సాలువా కప్పుకున్నాను. నీ సేతులమీద కప్పుకున్నాను."

అమ్మన్న చొక్కా చెయ్యి పైకి మడిచి, మచ్చ ఉన్న ఎడమ చేతిని మంచం మీంచి కిందికి చాపాడు. సూర్యం ఒక చేత్తో అతని మణికట్టు పట్టుకుని నాడి చూశాడు. రెండో చేతి వేళ్ళు మోచేతి పైన, లోపలి వైపు, కండకీ ఎముకకీ మధ్య తడుముతూ పోయాయి. నొక్కాడు, తీశాడు, కాస్త పక్కకి జరిపి మళ్ళీ నొక్కాడు. చెమటలు పట్టేశాయి. మేమిద్దరం బియ్యం ముట్టుకోవడం మర్చిపోయాం.

"ఆగింది" అన్నాడు చివరికి, ఎవరికో కాదు, తనకే చెప్పుకున్నట్టు. నాడి ఆగింది.

అమ్మన్న తన చెయ్యి వైపు ఆశ్చర్యంగా చూసుకున్నాడు. బావని ఏదో ఒకటి అడిగి మామూలు మనిషిని చెయ్యాలనుకున్నాడేమో, పాత అలవాటుగా అడిగాడు.

"ఇంగిలీసులో దీన్ని ఏటంటారు బావా?"

ఆ పేరు సూర్యానికి తెలుసు. మా లైను మొత్తానికి తెలుసు, అతను ఆ రోజు అంత గట్టిగా అన్నాక. అతను తల వంచుకుని, వేళ్ళు కదపకుండా, ఆ చోటునే చూస్తూ ఉండిపోయాడు.

"తెల్దురా" అన్నాడు.